గాలి లెక్క, దారి లెక్క

ఆ రెండు నగరాల మధ్య దూరమెంతని ఎవరినడిగినా ఠక్కున చెబుతారు. గాలిలో రెండు వందల డెబ్భై కిలోమీటర్లు, విమానమెక్కితే యాభై ఐదు నిమిషాలు. రోడ్డు మీద మూడు వందల నలభై, బండి ఎక్కడా ఆగకుండా పోతే ఐదున్నర గంటలు. తొందరున్నవాళ్ళు మొదటిది చూసుకుంటారు, పెట్టెలూ పిల్లలూ ఎక్కువున్నవాళ్ళు రెండోది చూసుకుంటారు. లోకానికి ఇంతకన్నా అక్కర్లేదు.

లెక్కలమ్మకి ఇది చాలదు. స్కాన్‌కి ముందు రోగి నరంలోకి ఎక్కించే మందు తయారుచేసే కేంద్రంలో ఎనిమిదేళ్ళుగా ఆమె ఉద్యోగం. క్యాన్సర్ ఒంట్లో ఏ మూల దాక్కున్నా ఆ మందు వెతుక్కుంటూ వెళ్ళి అక్కడ చేరుతుంది, స్కాన్‌లో అదే మెరుస్తూ కనిపిస్తుంది. అంత గొప్ప మందుకీ ఒక జబ్బుంది: నిలవ ఉండదు. పుట్టిన క్షణం నుంచి నూట పది నిమిషాలకి సగమైపోతుంది. ఇంకో నూట పది నిమిషాలకి ఆ సగంలో సగం. సీసపు డబ్బాలో బిగించినా, మంచుగడ్డల్లో పెట్టినా, దణ్ణం పెట్టినా ఆగదు. అందుకని అవతలి నగరంలో ఎనిమిది మందికి మందు అందాలంటే ఇక్కడ ఎంత నింపాలో దారిని బట్టి చూసుకోవాలి. విమానంలో పోతే గుమ్మం నుంచి గుమ్మానికి మూడు గంటల నలభై నిమిషాలు, అంటే రెండు సగాలు పోతాయి. కాబట్టి కావలసినదానికి నాలుగు రెట్లు నింపాలి. అది గాలి లెక్క. రోడ్డు మీద పోతే మూడు సగాలు పోతాయి, ఎనిమిది రెట్లు నింపాలి. అది దారి లెక్క. పేర్లు రెండూ ఆమె పెట్టినవే, ఆమె పేరు మాత్రం మిగతావాళ్ళు పెట్టారు.

తెల్లవారుజామున నింపే బల్ల దగ్గర కూర్చునే ముందు ఆమె కిటికీలోంచి ఎదురు మేడ మీది నీళ్ళ ట్యాంకు వంక చూసేది. ట్యాంకు కనిపిస్తే గాలి లెక్క. పొగమంచులో అది కనిపించకపోతే విమానం లేచే ఆశ లేదు కాబట్టి దారి లెక్కతో నింపి, బండిని విమానాశ్రయం వైపు పోనివ్వకుండా నేరుగా రోడ్డెక్కించేది. ఎక్కువ నింపినప్పుడల్లా రిజిస్టరులో కారణం రాయాలని నియమం. 'మంచు' అని ఒక్క ముక్క రాసేది. వాతావరణ శాఖవాళ్ళు పొరబడ్డ రోజులున్నాయి గానీ ఆ ట్యాంకు పొరబడిన రోజు లేదు.

అవతలి నగరంలోనే ఆమె అక్క ఉంటుంది. తల్లి పోయేనాటికి అక్కకి పదిహేనేళ్ళు, ఈమెకి తొమ్మిది. అక్క బడి మానేసి కుట్టుమిషను ముందు కూర్చుంది. ఊళ్ళో పిల్లలందరికీ బడి చొక్కాలు కుట్టి, చెల్లెలికి కుట్టుకూలితోనే కాలేజీ చదువు చెప్పించింది. మాటకారి. చెల్లెలు ఫోను చేసినప్పుడల్లా, మీ మందు పెట్టె ఇవాళ కూడా మా ఊరొచ్చింది, పెట్టెకున్నపాటి తీరిక నీకు లేకపోయిందా అని దెప్పేది. ఎనిమిదేళ్ళలో పెట్టె అక్కడికి రెండు వేలసార్లు పోయి ఉంటుంది. చెల్లెలు ఆరుసార్లు పోయింది.

ఆ అక్కకే రొమ్ములో గడ్డ తేలింది. ఆపరేషను చేసే డాక్టరు ముందు స్కాన్ చూడాలన్నాడు. జబ్బు మరో చోటికి పాకకపోతే స్కాన్‌కి మూడోనాడు పొద్దున కోస్తాడు. పాకితే కోయడు, వేరే దారి చూడాలి. అది తప్పితే ఆయన చేతికి మళ్ళీ ఖాళీ దొరికేది మూడు వారాల తర్వాతే. మూడు వారాల్లో గడ్డ ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేదు, చెప్పమని అక్క అడగనూ లేదు.

స్కాన్ రోజు తెల్లవారుజామున వచ్చిన జాబితాలో ఎనిమిది మంది ఉన్నారు. ఐదో పేరు అక్కది.

కిటికీలోంచి చూసింది. ట్యాంకు లేదు. ట్యాంకు మాట అటుంచి, ఎదురు మేడే లేదు. పక్క బల్ల దగ్గర తనతోపాటే ఉద్యోగంలో చేరిన సహోద్యోగిని చేతికి తొడుగులు వేసుకుంటూ, దారి లెక్కే కదా అని అడిగింది. అడగాలని అడగడమే, జవాబు తెలిసిన ప్రశ్న అది. లెక్కలమ్మ రిజిస్టరు తెరిచింది. కారణం గడిలో 'మంచు' అని రాయబోయిన కలం అక్కడే ఆగింది.

దానికి వెనకో కథ ఉంది. రెండు నెలల కిందట సాయంత్రం పూట పనిచేసే ఉద్యోగి ఒకాయన తన మామగారి పేరును జాబితాలో పైకి జరిపించుకున్నాడు. సంగతి బయటపడ్డాక క్యాంటీనులో పదిమందీ ముక్కున వేలేసుకున్నారు గానీ, అందరికన్నా గట్టిగా మాట్లాడింది లెక్కలమ్మే. మనవాళ్ళకో న్యాయం, పరాయివాళ్ళకో న్యాయమైతే ఈ బల్ల దగ్గర కూర్చునే అర్హత లేదనేసింది. ఆ మాట విన్న ఆయన టీ గ్లాసు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఇప్పుడు జాబితాలో అక్క పేరుంది, ఆ రోజే రెట్టింపు నింపినట్టు రిజిస్టరులో ఉంటుంది. రేపెవరైనా పేజీ తిప్పి చూస్తే మంచు సంగతి ఎవరికి గుర్తుంటుంది? అక్క సంగతే గుర్తుంటుంది. ఏ గుమ్మడికాయా దొంగిలించకుండానే ఆమె భుజాలు తడుముకుంది.

ఏడింటి విమానానికి మంచు విడిపోతుందిలే, గాలి లెక్కే వేద్దాం అంది. సహోద్యోగిని ఒకసారి కిటికీ వంక, ఒకసారి ఈమె వంక చూసి తన పనిలో పడింది. ఐదూ ఇరవైకి పెట్టె బండెక్కింది. బండి నడిపేది అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన. ఈ మంచులో విమానమేమిటమ్మా అని ఆయన కూడా అన్నాడు. కాగితంలో అలాగే ఉంది బాబాయ్ అంది. ఆ కాగితం రాసింది తానే.

ఏడున్నరకి బాబాయ్ ఫోను చేశాడు. విమానం రద్దయింది, తర్వాతిది ఎప్పుడో చెప్పలేమంటున్నారు, పెట్టె వెనక్కి తీసుకుని రోడ్డెక్కుతున్నానన్నాడు. ఆమె ఫోను చెవి దగ్గర ఉండగానే లెక్క వేసేసింది. ఆ అలవాటుని ఆపడం ఆమె చేతుల్లో లేదు. విమానాశ్రయానికి యాభై నిమిషాలు, అక్కడ గంటా ఇరవై, అక్కణ్ణుంచి రోడ్డు మీద ఐదు గంటల పది. మొత్తం ఏడు గంటల ఇరవై నిమిషాలు. నాలుగు సగాలు. ఎనిమిది మంది మందు ఇద్దరికి మిగులుతుంది. పొద్దునే దారి లెక్క వేసి నేరుగా పంపి ఉంటే ఎనిమిది మందికీ సరిపోయేది. ఈ పాటికి బండి సగం దారికి దగ్గరపడేది.

మళ్ళీ చేయడానికి లేదు. ఆ మందు పుట్టించే పెద్ద యంత్రం రోజుకి ఒక్కసారే నడుస్తుంది. మర్నాడు దాని మరమ్మతు రోజు.

అవతలి ఆసుపత్రిలో పెట్టె అందుకునేవాడు మరో మనిషి. ఎనిమిదేళ్ళుగా ఆమె ఆయన్ని చూసింది లేదు, ఫోనులో గొంతే తెలుసు. ఆయన ఈమెని చెల్లెమ్మా అంటాడు, ఈమె ఆయన్ని అన్నయ్యా అంటుంది. సంగతి చెప్పింది. ఆయన గొంతు తగ్గించాడు.

"చెల్లెమ్మా, ఐదో పేరు మీ అక్కగారిదే కదా?"

"అవును."

"మొదటాయన ముసలాయన, ఏ అర్జెంటూ లేదు. డాక్టరుగారికి నేను చెప్పుకుంటాను. మీ అక్కగార్ని ముందు పంపిద్దాం. నువ్వేం మాట్లాడొద్దు, సరేనా? నీకు తెలీదనుకో."

ఎంత సులువైన మాట. ఔననక్కర్లేదు, కాదనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఆమె ఊరుకుంది కూడా. గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది. ఆ చుట్టు తిరిగినంతసేపూ ఆమె నిజంగానే ఊరుకోవాలనుకుంది. అక్క కంటే ఎక్కువెవరు తనకి? ఆ ముసలాయన ఎవరు?

"వద్దన్నయ్యా," అంది చివరికి. "డాక్టరు రాసిన వరసలోనే కానివ్వండి."

ఆ మాట అన్నాక న్యాయం చేసినట్టు అనిపించలేదు. పొద్దున కలం ఆపిన చెయ్యే ఇప్పుడు నోరు కూడా నొక్కిందేమోనని అనుమానం కలిగింది. ఇది నలుగురి కోసం చేసిన పనా, తన పేరు కోసం చేసిన పనా? ఎటు తిప్పి చూసినా తేలలేదు.

పదకొండింటికి అక్కకి ఫోను చేసింది. స్కాన్ కోసం రాత్రి నుంచి ఏమీ తినకూడదన్నారు కాబట్టి అక్క పస్తునే ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంది. గొంతు నీరసంగా ఉన్నా చమత్కారం తగ్గలేదు. మీ పెట్టెగారికి స్వాగతం చెప్పడానికి ఎనిమిది మందిమి వరసగా కూర్చున్నామే, ఎక్కడిదాకా వచ్చిందేమిటి అంది. చెల్లెలు చెప్పింది. ఇద్దరికే వస్తుంది, నువ్వు ఐదో దానివి అంది. మంచు వల్ల అని కూడా అంది.

అక్కకి ఈ ఉద్యోగం గురించి చెల్లెలికి తెలిసినంతా తెలుసు. ఎనిమిదేళ్ళుగా ఫోనులో వింటోంది.

"మంచుంటే నువ్వు ఎక్కువ నింపుతావు కదే. ట్యాంకు చూసి. ఇవాళెందుకు నింపలేదు?"

అబద్ధం చెప్పొచ్చు, కానీ అక్కతో అబద్ధం చెప్పి గట్టెక్కిన రోజు ఆమె జీవితంలో ఒక్కటీ లేదు. చెప్పేసింది. నీ పేరుందని, నీకోసం ఎక్కువ నింపానని ఎవరైనా అంటారని భయపడ్డానంది.

"అంటే నా పేరు ఆ కాగితంలో లేకపోతే ఎనిమిది మందికీ సరిపోయేదన్నమాట," అంది అక్క. కోపం లేదు ఆ గొంతులో, కోపమైతే ఎంతో బాగుండేది. "నా సంగతి వదిలెయ్యి. నేను నీ అక్కని, పడతాను. ఈ పక్కన కూర్చున్నవాళ్ళు నీకేమవుతారే? నీకు మంచిపేరు రావడానికి వీళ్ళెందుకు పస్తుండాలి?"

లెక్కలమ్మ ఏడ్చింది. బల్ల మీద తలపెట్టి, పక్కవాళ్ళు చూస్తారన్న జంకు కూడా లేకుండా ఏడ్చింది. ఆ తర్వాత ముఖం కడుక్కుని, కేంద్రాన్ని నడిపే పెద్దసారు గదిలోకి వెళ్ళింది.

పెద్దసారు చెడ్డవాడు కాదు. అప్పటికే మంచు సంగతి విన్నాడు, విమానం రద్దయినట్టు కాగితం తెప్పించి పెట్టుకున్నాడు. మందు అందకపోతే ఆసుపత్రికి పంపే పత్రంలో రెండు గడులుంటాయి. ప్రకృతి వల్ల ఆగితే మొదటి గడి, అప్పుడు రోగులు వచ్చేవారం వరసలో చేరాలి. కేంద్రం తప్పయితే రెండో గడి, అప్పుడు కేంద్రం మర్నాడే మళ్ళీ పంపి తీరాలి. మరమ్మతు రోజైనా సరే, యంత్రం నడపాలి. ఆ రెండో గడి ఎనిమిదేళ్ళలో ఎవరూ నింపలేదు.

ఆమె రెండో గడి నింపుతానంది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మంచు అని రాసెయ్యండి, మంచు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు అన్నాడు. రెండో గడి నింపితే విచారణ జరుగుతుందని, అది తేలేదాకా ఆమె నింపే బల్ల దగ్గరికి రాకూడదని, తేలాక కూడా వస్తుందో రాదో తాను చెప్పలేనని నచ్చజెప్పాడు. చివరికి అసలు మాట బయటపెట్టాడు.

"మందు అందని ఆరుగురిలో మీ అక్కగారు ఉన్నారని నాకు తెలుసు. ఇదంతా ఆవిడ కోసమే చేశారంటారు. మీరు భయపడిందే అంటారు."

"అననివ్వండి సార్," అంది. "అక్క కోసం కూడా."

పత్రంలో నాలుగు వాక్యాలు రాసింది. బయట మంచు ఉందని తనకు తెలుసని, తెలిసే గాలి లెక్కతో నింపానని, జాబితాలో తన అక్క పేరు ఉండటమే అందుకు కారణమని, మరెవరి తప్పూ లేదని. సంతకం చేసింది. సాయంత్రానికి ఆ పత్రం సంగతి మేడ మెట్ల దాకా పాకింది. మామగారి పేరు జరిపించుకున్నాయన ఎదురుపడ్డాడు. ఆమె ఆగింది. ఆయన ఏదైనా అని ఉంటే పడేది, ఆయన తల వంచుకుని పక్కనుంచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పెట్టె సహోద్యోగిని నింపింది. దారి లెక్కతోనే. లెక్కలమ్మ బాబాయ్ పక్క సీట్లో కూర్చుంది. రెండు వేలసార్లు కాగితం మీద దాటించిన ఆ దారిని ఆ బండిలో కూర్చుని చూడటం ఆమెకిదే మొదలు. ఎక్కడ రోడ్డు తవ్వి ఉందో, ఏ వంతెన మీద బళ్ళు ఒక్కొక్కటే పోవాలో, ఏ గేటు దగ్గర రైలు కోసం ఎదురుచూడాలో బాబాయ్ చెబుతుంటే వింటూ కూర్చుంది. తాను ఐదున్నర గంటలు అని రాసే చోట ఇన్నేళ్ళూ ఈయన ఇన్ని గండాలు దాటుతున్నాడా అనుకుంది. ఆ ముక్క పైకే అంది. అదేముందమ్మా, నువ్వు రాసిన టైముకి చేరాలని తొక్కడమే అని నవ్వేశాడు.

పదకొండు కాకముందే చేరారు. గొంతు మాత్రమే తెలిసిన అన్నయ్య ఆమె ఊహించుకున్నదానికన్నా పొట్టిగా, వయసులో పెద్దగా ఉన్నాడు. పెట్టె అందుకుని లోపలికి పరుగెత్తాడు. వరండాలో అక్క ఉంది. చెల్లెల్ని చూసి, పెట్టెతోపాటు ఉచితంగా పంపారా నిన్ను అంది. అని చేయి పట్టుకుంది. మందులోని రేడియేషన్ వల్ల, అది ఎక్కించాక కొన్ని గంటలు అక్కని ఎవరూ ఆనుకుని కూర్చోకూడదు. అందుకని పేరు పిలిచేదాకా ఇద్దరూ ఆ చేతులు వదల్లేదు.

వరండాలో ఐదుగురే ఉన్నారు. ఆరో కుర్చీ ఖాళీగా ఉంది. జాబితాలో ఎనిమిదో పేరుగల ఆవిడ నిన్న, మందు ఇక వచ్చేవారమే అని చెప్పగానే బస్సెక్కి వెళ్ళిపోయిందట. యంత్రం నడుస్తోందని తెలిసినప్పటి నుంచి ఆవిడకి ఫోను చేస్తున్నారు, పలకడం లేదు. మూడింటిదాకా ఆవిడ వాటా మందు సీసపు డబ్బాలోనే ఉంది. మూడు దాటాక ఎంత మిగిలిందో అన్నయ్య మీటరు పెట్టి చూడబోతే, చూడక్కర్లేదన్నయ్యా, ఇక పనికిరాదు అంది లెక్కలమ్మ.

అక్క జబ్బు ఎక్కడికీ పాకలేదని సాయంత్రం చెప్పారు. మర్నాడు పొద్దున కోశారు. మధ్యాహ్నానికి అక్క కళ్ళు తెరిచి, నీళ్ళడిగి, పక్కన చెల్లెలుందా లేదా అని చూసుకుంది. చూసుకున్నాక, ఆ ఎనిమిదో ఆవిడ వచ్చిందా అని అడిగింది. ఫోను ఇంకా పలకడం లేదని, పేరు మాత్రం వచ్చే బుధవారం జాబితాలో చేర్చారని చెప్పింది చెల్లెలు. అక్క కళ్ళు మూసుకునే, ఇక్కడ నర్సులున్నారు, నేనెక్కడికీ పోను, నువ్వు వెళ్ళు అంది.

రెండున్నర గంటల బస్సు. దిగాక ఇంకా నడక. ఆసుపత్రి కాగితాల్లోని చిరునామా ప్రకారం ఆవిడ మొక్కల పెంపకం తోటలో పనిచేస్తుంది. రేకుల కింద నలుగురైదుగురు ఆడవాళ్ళు నల్ల సంచుల్లో మట్టి నింపుతున్నారు. పేరడిగితే నడివయసు మనిషి లేచి నిలబడింది. బక్కపలచగా ఉంది, మోచేతులదాకా మట్టి. ఫోను పాడై నాలుగు రోజులైందని చెప్పి, వచ్చినామె ఆసుపత్రి మనిషని తెలియగానే చేతులు కొంగుకి తుడుచుకుంది. ఆసుపత్రివాళ్ళు ఇంతదూరం రావడమే ఆవిడకి ఆశ్చర్యం.

లెక్కలమ్మ అంతా చెప్పింది. నిన్న మీ మందు వచ్చింది, మీరు లేరు. మొన్న రాకపోవడానికి కారణం మంచు కాదు, నేను. నేను తక్కువ నింపాను. నా అక్క పేరు జాబితాలో ఉందని, నలుగురూ ఏమైనా అంటారని భయపడి తక్కువ నింపాను.

ఆవిడ శ్రద్ధగా వింది. తిడుతుందేమోనని లెక్కలమ్మ ఎదురుచూసింది. తిడితే పడదామనే వచ్చింది. తక్కిన ఆడవాళ్ళు కూడా పని ఆపి చూస్తున్నారు.

"అయితే మళ్ళీ ఎప్పట్నించి పస్తుండాలమ్మా?" అని అడిగింది ఆవిడ.

అంతే అడిగింది. మంగళవారం రాత్రి నుంచి, అంది లెక్కలమ్మ. బుధవారం తెల్లారేసరికి ఆసుపత్రిలో ఉండాలని కూడా చెప్పింది.

"ఈసారి తప్పకుండా వస్తుంది కదా?"

వచ్చే బుధవారం ఆ నింపే బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారో లెక్కలమ్మకి తెలియదు. మాట ఇచ్చే అధికారం ఇప్పుడామెకి లేదు.

"వస్తుంది," అంది.

ఆవిడ మంగళవారం, మంగళవారం అని రెండుసార్లు పైకే అనుకుని, మట్టి సంచుల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.